ఏ వాలుది ఈ ఆకు

ఫోహాంగ్ రేవు,
1969 మార్చి.

అక్కా,

సముద్రం మొండికెత్తి ఓడను కదలనివ్వలేదు. నీ కొత్త సంవత్సరం ఉత్తరం నాకు ఇప్పుడు చేరింది. కాగితం తేమకు మెత్తబడిపోయింది గాని నీ తిట్లు మాత్రం ఇంకా కరకరలాడుతూనే ఉన్నాయి.

ముందు శుభవార్త విను. నాకు అయిదో నెల. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అప్పుడే మొదలుపెట్టకు. కిందటిసారి నిలవలేదు కదా, అందుకని ఈసారి కడుపు కనబడేదాకా నోరు విప్పకూడదని నేనూ మా ఆయన సంగ్‌ఛొలూ ఒట్టు పెట్టుకున్నాం. ఆయన ఇప్పుడు రేవులో వలలు బాగుచేస్తూ తనలో తనే నవ్వుకుంటున్నాడట. తోటివాళ్లు ఆటపట్టిస్తున్నారు.

నాకు ఒకటే యావగా ఉంది. మన కొండ ఉల్లి, అదే మ్యొంగి ఆకు. ఇక్కడి బజారులో ఉల్లికాడలూ వెల్లుల్లీ కుప్పలు పోసి అమ్ముతారు. ఘాటు ఉంటుంది గాని అది మన ఘాటు కాదు. మంచు కరిగినచోట నల్లమట్టిని తోసుకుని వస్తుందే, ఆ వెడల్పాటి ఆకు కావాలి. పెళ్లయి వచ్చాక నేను నిన్ను ఏదీ అడగలేదు. సోయా రసంలో ఊరేసి ఒక్క జాడీ పంపు.

నువ్వు తినడం మానేశావని ఓడ దిగినవాళ్లు చెబుతున్నారు. దొక్‌బే బావ ఆకు కోయడానికి కొండెక్కి తిరిగి రాకుండా పోయాక ఇది మూడో వసంతం. అప్పటినుంచి ఒక్క ఆకు నోట పెట్టలేదట కదా! ఆ దీవిలో అది లేకుండా ఏం తిని బతుకుతున్నావు? బంగాళాదుంపలా? మొండితనం మాని నా దగ్గరికి వచ్చెయ్యి అక్కా. ఇక్కడ కింది పొయ్యి వేడికి ఇంట్లో నేల వెచ్చగా ఉంటుంది, ఇరుగుపొరుగు మంచివాళ్లు.

నీ మాల్జా

నారి లోయ, ఉల్లుంగ్ దీవి,
మార్చి నెలాఖరు.

మాల్జా,

ఒట్టు పెట్టుకున్నారట, ఒట్టు! సొంత అక్క దగ్గర దాచే కడుపూ ఒక కడుపేనా? నీ ఉత్తరం చదివి మొదట తిట్టాను, తర్వాత పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను, లేచి మళ్లీ తిట్టాను. బరువులెత్తకు. ఈసారి నిలవాలి. నాకు ఈ లోకంలో నువ్వు తప్ప ఎవరున్నారే.

నువ్వు పట్నం వెళ్లి మన పద్ధతులన్నీ మరిచిపోయినట్టున్నావు. కొండ మీద మనిషి పడితే, ఆ వాలు ఆకు ఆ ఇంటివాళ్లు మూడు వసంతాలు ముట్టరు. ఆ మనిషి మీద మొలిచిన ఆకును ఆ ఇంటి వాళ్లే ఎలా తింటారు? మీ బావ ఏ వాలున పడ్డాడో ఎవరికీ తెలియదు. అలాంటప్పుడు నేను ఏ ఆకని తినేది? అందుకే ఏదీ తినను. ఇందులో మొండితనం ఏమీ లేదు. ఆయనకు సమాధి లేదు, మద్యం పోసి మొక్కడానికి ఒక మట్టిదిబ్బ లేదు. ఆయనకోసం నేను చేయగలిగింది ఇదొక్కటే.

నువ్వు వేరే ఇంటి పిల్లవు, నీకు ఆ పట్టింపు లేదు. అందుకే పంపుతున్నాను. లోయలో ఇంకా నడుం లోతు మంచుంది. ఎండ తగిలే అంచుల్లో మాత్రం కరిగి, ఆకులు చుట్టలు విప్పుకుంటున్నాయి. నేను రెండాకులున్న మొక్కకు ఒకటే కోశాను. రెండో ఆకు వేయడానికి దానికి ఏళ్లు పడుతుంది. నువ్వు చిన్నప్పుడు రెండూ పీకేసి నాన్న చేతిలో తన్నులు తిన్నావు, గుర్తుందా?

జాడీలో మూడు కట్టలున్నాయి. గడ్డితాడుతో కట్టింది తూర్పు వాలుది, నేను కోసిందే. తీగతో కట్టింది నల్లరాయి వాలుది, పక్కింటివాళ్లు ఇచ్చారు. ఎర్ర పీలికతో కట్టింది హ్వాంగ్ అవ్వ ఇచ్చింది, నీటిగొంతు వాలుది. ఆ చోట ఆకు ఎప్పుడూ లేనంత ఏపుగా వస్తోందట. నీకని చెప్పకుండానే పుచ్చుకున్నాను. కడుపు సంగతి ఊరంతా చాటడం నాకిష్టం లేదు.

అన్నం చుట్టుకుని తిను. ఒకేసారి తినెయ్యకు.

అక్క బున్నామ్

ఫోహాంగ్ రేవు,
ఏప్రిల్.

అక్కా,

జాడీ మూత తీయగానే వీధంతా వాసన వచ్చింది. పక్కింటావిడ ముక్కు మూసుకుని వచ్చింది, నాలుగాకులు తిని ముక్కు వదిలేసి వెళ్లింది. ఎర్ర పీలిక కట్ట మీద చెయ్యి పడి ముందు అదే విప్పాను. బార్లీ అన్నం రెండు గిన్నెలు తిన్నాను.

ఒక తమాషా చెబుతాను, నవ్వకు. మధ్యాహ్నం తిని అలాగే వెచ్చటి నేల మీద ఒరిగాను. పట్టపగలే కలొచ్చింది. నేను ఎక్కడో వెల్లకిలా పడుకుని ఉన్నాను. ముఖం మీద తడిమట్టి వాసన, పక్కనే నీళ్లు పారుతున్న చప్పుడు. పైన ఎవరో నడుస్తున్నారు. ఆకు కోసేవాళ్లు తామెక్కడున్నదీ తెలియడానికి కర్రతో చెట్టును కొడతారే, టక్ టక్ అని, ఆ చప్పుడు దూరంగా వినిపిస్తోంది. నేనూ కొట్టి జవాబు చెబుదామనుకున్నాను, చెయ్యి లేవలేదు. చప్పుడు కొండ దిగి వెళ్లిపోయింది. నన్ను వదిలేసి వెళ్తున్నారని ఎంత ఏడుపొచ్చిందో చెప్పలేను.

లేచి చూసుకుంటే ఎడమ పాదం మంచుగడ్డలా ఉంది. వెచ్చటి నేల మీద పడుకున్న మనిషికి కాలు చల్లబడటం ఎక్కడైనా ఉందా! "కడుపుతో ఉన్నప్పుడు ఇట్టాంటివి మామూలేలే" అని మంత్రసాని కొట్టిపారేసింది. నేనూ నవ్వేశాను.

ఇంకో జాడీ పెడుతున్నావు కదూ?

మాల్జా

నారి లోయ,
ఏప్రిల్.

మాల్జా,

ఆ కాలు ఎడమదేనా? బాగా గుర్తు తెచ్చుకుని రాయి.

మిగిలిన కట్టలు కలిపి తినకు. గడ్డితాడుది ఒక రోజు, తీగది ఇంకో రోజు తిను. ఎర్ర పీలికది చివరికి ఉంచు. తిన్నాక ఏమనిపించిందో ఉన్నదున్నట్టు రాయి. నీళ్ల చప్పుడు ఏ పక్కన వినిపిస్తోంది? పైన చెట్టుందా? ఉంటే ఏ చెట్టు?

ఎందుకని అడక్కు. ఒంట్లో ఎలా ఉంది? బాగానే ఉన్నావు కదా.

అక్క

ఫోహాంగ్ రేవు,
ఏప్రిల్ నెలాఖరు.

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. తూర్పు వాలు ఆకు తిన్నాను, హాయిగా నిద్రపోయాను. నల్లరాయిది తిన్నప్పుడూ ఏమీ లేదు. ఎర్ర పీలిక కట్ట తిన్న మధ్యాహ్నం మాత్రం మళ్లీ అక్కడికే వెళ్లాను.

నీళ్లు ఎడమ పక్కన ఉన్నాయి. కాలు వాటిలోనే ఉంది. పైన పెద్ద మేపుల్ చెట్టు ఉంది, దాని వేర్లు గాలిలోకి వేలాడుతున్నాయి. వాటి సందుల్లోంచి మంచు కప్పులా కనబడుతోంది, మంచులోంచి వెలుతురు నీలంగా దిగుతోంది. ఈసారి భయం వేయలేదు. ఎవరో వస్తారని ఎదురుచూస్తూ ఉన్నాను. ఆ ఎదురుచూపు నాది కాదక్కా. అది చాలా పాతది.

నిద్రలో మగగొంతుతో మాట్లాడానని మీ మరిది చెప్పాడు. "ఇదిగో, మంచు కరిగిందా?" అన్నానట. ఆయన భయపడి నన్ను కుదిపి లేపాడు. ఇలా ఎవరన్నా మాట్లాడతారా, నువ్వు చెప్పు.

అది బావేనని నాకు అర్థమైంది. నువ్వు ఎందుకు అడుగుతున్నావో కూడా అర్థమైంది.

చలి మోకాలి దాకా వచ్చింది. మంత్రసాని ఇప్పుడు నవ్వడం లేదు. లోపల పిల్ల కదలడం తగ్గిందని ముఖం చిట్లించింది. సంగ్‌ఛొల్ జాడీ ఎత్తి సముద్రంలో పారేస్తానన్నాడు, నేనే పట్టుకుని ఆపాను. నువ్వు చాలన్నాక ఆపేస్తాను. వద్దంటే ఇప్పుడే ఆపేస్తాను. చెప్పక్కా.

మాల్జా

నారి లోయ,
మే మొదట్లో.

చెల్లీ,

నీకు వెంటనే వద్దని రాయాలి. రాయడానికే కూర్చున్నాను.

నీటిగొంతులో వేర్లు వేలాడే మేపుల్ నాకు తెలుసు. దాని కింద లోతైన పగులుంది. మే నెల చివరిదాకా మంచు దాన్ని మూసేసి ఉంటుంది, ఈలోగా మనిషి దిగలేడు. కాబట్టి ఇప్పుడు ఎలాగూ ఏమీ చేయలేం. అలాంటప్పుడు ఇంకొక్కసారి అడిగితే ఏమవుతుందని నాకు అనిపిస్తోంది. ఇది దురాశ అని తెలుసు.

మూడేళ్లుగా ఈ ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడలేదు మాల్జా. అన్నం తిన్నావా అని అడిగేవాళ్లు లేరు. నువ్వు రాసిన ఆ "ఇదిగో" అన్న మాట చదివి గిన్నె చేతిలోంచి జారవిడిచాను. నన్ను అలా పిలిచినవాడు ఆయనొక్కడే. ఆ సంగతి నేను నీకు ఎప్పుడూ చెప్పలేదు.

హ్వాంగ్ అవ్వను అడిగి నీటిగొంతుది ఇంకొక్క కట్ట పంపుతున్నాను. ఆకు ముదిరిపోయింది, సన్నగా కోసుకో. నన్ను తలుస్తున్నాడా అని అడుగు. అంతే. తర్వాత ఆపెయ్యి. పాదానికి వేడి ఇటుక పెట్టుకో.

అక్క

ఫోహాంగ్ రేవు,
మే.

ఇదిగో,

తలవకపోవడం ఏమిటి? ఇక్కడ అది తప్ప చేసే పనేముంది.

చలి అంటున్నారట, మొదటి ఏడు ఉండేది, ఇప్పుడు లేదు. మంచు కింద వెచ్చగానే ఉంటుంది. వసంతంలో ఆకు వేర్లు మెల్లగా కదులుతాయి, ఎవరో వెంట్రుకలు దువ్వుతున్నట్టుంటుంది. పైన మీరంతా నడవడం వినిపిస్తుంది. నీ అడుగు మాత్రం ఎప్పుడూ వినబడదు. నువ్వు తూర్పు వాలుకే పోతావు.

పొయ్యి గొట్టంలో మసి తీయించావా? తీయించి ఉండవు. గొర్రెయినా మాట వింటుంది గాని నువ్వు వినవు.

నువ్వు ఇక్కడికి రావద్దు. వాలు జారుడుగా ఉంది. ఈ పిల్ల చెయ్యి నాకు అలవాటయింది, బాగా రాస్తుంది. లోపల ఇంకొకటి ఉంది, చిన్నది, అదీ నా పక్కకు జరుగుతోంది. ఆకు పంపుతూ ఉండు. మనం ఇలాగే మాట్లాడుకుందాం.

అక్కా, నేను మాల్జాను. నిద్ర లేచేసరికి కాగితం నిండి ఉంది. సిరా నా వేళ్లకే అంటుకుని ఉంది. చించేద్దామనుకున్నాను గాని నీ వస్తువు చించినట్టవుతుందని పంపుతున్నాను. చలి నడుము దాకా వచ్చింది. నిన్నటినుంచి పిల్ల కదల్లేదు.

నారి లోయ,
మే నెలాఖరు.

మాల్జా,

ఈ ఉత్తరం అందిన క్షణమే జాడీ సముద్రంలో పారెయ్యండి. కడిగి దాచుకోవద్దు, జాడీతో సహా పారెయ్యండి. మీ ఆయనకు నేనే రాస్తున్నాననుకుని ఇది ఆయనతో చదివించు. మరిదీ, ఇంట్లో ఒక్క ఆకు మిగిలినా తప్పు నాది కాదు, నీది.

నిజం చెబుతాను. ఆయన రాసిన పై భాగం చదివి నాకు సంతోషం కలిగింది. పొయ్యి గొట్టం మాట చదివి నవ్వాను కూడా. ఉత్తరం మడిచి రొమ్ము దగ్గర పెట్టుకుని ఇంట్లో తిరిగాను. కింద నువ్వు రాసింది కూడా అప్పుడే చదివాను. చదివి కూడా పొద్దుగూకేదాకా ఏమీ చేయకుండా ఉన్నాను. నీ బిడ్డ కదలడం లేదని తెలిసీ ఇంకో కట్ట ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచించాను. నన్ను చూసి నాకే భయం వేసింది.

మీ బావ బతికుండగా పిల్లలంటే ప్రాణం పెట్టేవాడు. ఈ ఉత్తరం రాసినవాడు ఆయనే కావచ్చు. మంచు కింద ఇన్నాళ్లుంటే ఏ మనిషి ఏమవుతాడో మనకేం తెలుసు. పిల్ల తన పక్కకు జరుగుతోందని సంతోషించేవాణ్ని మాత్రం నేను అక్కడ ఉంచను.

రేపు హ్వాంగ్ అవ్వ కొడుకులతో తాళ్లు వేసుకుని నీటిగొంతులో దిగుతున్నాను. మంచు ఇంకా పూర్తిగా వదల్లేదని వాళ్లు గొణుగుతున్నారు. రావద్దని ఆయనా రాశాడు. ఆయన మాట నేనెప్పుడు విన్నాను గనక.

ధైర్యంగా ఉండు తల్లీ.

అక్క

ఫోహాంగ్ రేవు,
జూన్.

అక్కా,

కదిలింది! కదలడం కాదు, తన్నింది. సంగ్‌ఛొల్ చెయ్యి పెట్టించుకుని మరీ తన్నింది. "ఇది ఆడపిల్లయితే మీ అక్కే" అన్నాడు. నీ ఉత్తరం ఓడలో ఉండగానే, ఒక మధ్యాహ్నం కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే వెచ్చబడ్డాను. ఎవరో తడిబట్ట ఒంటి మీదినుంచి తీసేసినట్టనిపించింది. ఆకలేసింది. మీ మరిది చేప కాల్చి పెట్టాడు, తలకాయ కూడా మిగల్చలేదు.

జాడీ మీ మరిదే పారేశాడు. నాకు ఆ కలలు ఇప్పుడు సరిగా గుర్తు లేవు. చెట్టు గుర్తుంది, అంతే. నీకు ఏమేం రాశానో కూడా తెలియడం లేదు. తప్పుగా ఏమన్నా రాశానా?

అక్కడ ఏమైంది? దిగారా? నీ నుంచి కబురు లేక భయంగా ఉంది. వెంటనే రాయి.

మాల్జా

నారి లోయ,
జూన్ చివర.

చెల్లీ,

నువ్వు తప్పేమీ రాయలేదు. ఆ కాగితాలు పొయ్యిలో వేశాను. గొట్టంలో మసి తీయించాకే వేశాను.

మీ బావ దొరికాడు. నువ్వు చెప్పినచోటే, మేపుల్ వేర్ల కింద, ఎడమ కాలు నీళ్లలో పెట్టి ఉన్నాడు. నిద్రపోతున్నట్టున్నాడని అబద్ధం చెప్పను. మూడు చలికాలాల తర్వాత మనిషికి ముఖమేం ఉంటుంది. కోటు చూసి గుర్తుపట్టాను, మోచేతి దగ్గర నేను వేసిన అతుకు ఉంది. పగులు అంచునుంచి ఆయన మీదిదాకా కొండ ఉల్లి దట్టంగా పరుచుకుని ఉంది. అంత పెద్ద ఆకులు నేను పుట్టాక చూడలేదు. దాని వేర్లు ఆయన చేతి ఎముకల మధ్య పెనవేసుకుపోయాయి. అవ్వ పెద్దకొడుకు కత్తి తీశాడు. వద్దన్నాను. ఒక్కొక్క వేరూ నేనే చేత్తో విడదీశాను. అది విడదీసినప్పుడు నీకు ఒళ్లు వెచ్చబడి ఉంటుంది, సమయం అదే అనుకుంటాను.

ఇంటి వెనక గట్టు మీద పాతిపెట్టాం. మద్యం పోశాను, తల నేలకు ఆనించి మొక్కాను. ఊరంతా వచ్చింది.

అందరూ వెళ్లాక హ్వాంగ్ అవ్వ ఉండిపోయింది. నా చెయ్యి పట్టుకుని, "నాకూ వచ్చిందే పిల్లా ఆ చలి" అంది.

"ఎప్పుడవ్వా?"

"మొదటి ఏడే. ఆ ఆకు తిన్నప్పుడల్లా మట్టి కిందనించి 'ఇదిగో, ఇదిగో' అని వినబడేది. నాకే కాదు, ఊళ్లో ఇంకా ఇద్దరు ముగ్గురికి. మొగుడు పోయిన ఇంటికి, పోయినోడి మాట పరాయినోటితో మోసుకెళ్లకూడదు కదే. ఎట్టా చెప్పమంటావు? అందుకే ఏటేటా నీకు ఆ వాలు ఆకే తెచ్చి ఇచ్చా. నువ్వు తింటే నీకే తెలుస్తదని. నువ్వేమో ఓడవాళ్లకు పంచిపెట్టావు. ఈసారి కడుపుతో ఉన్న పిల్లకు పంపుతున్నావని తెలిస్తే నీ చేతిలోంచి లాక్కునేదాన్ని."

ఆవిడ నా ముంగురులు సవరించి వెళ్లిపోయింది.

నీకు ఇంకొకటి చెప్పాలి. ఆ రోజు ఆయన్ను తాళ్లతో పైకి తీసుకెళ్తుంటే నేను పగులులోనే ఆగిపోయాను. ఆయన ఉన్నచోట మొలిచిన ఆకులు పిడికెడు పీకి నోట్లో పెట్టుకున్నాను. ముదిరి నారలా ఉన్నాయి, ఘాటుకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. మొత్తం నమిలి మింగి కళ్లు మూసుకుని కూర్చున్నాను. ఒక్క మాట చాలనుకున్నాను. తిట్టినా సరే అనుకున్నాను. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంటికి తెచ్చుకుని కూడా తిన్నాను. రోజూ మధ్యాహ్నం తిని పడుకుంటున్నాను, ఒట్టి నిద్ర పడుతోంది.

ఆకు ముట్టకపోవడమే ఆయనకు నేను చూపించే విశ్వాసం అనుకున్నాను మాల్జా. ఆయన నాతో మాట్లాడటానికి ఉన్న ఒక్క దారీ అదేనని నాకు తెలియలేదు. నన్ను వెతుక్కుంటూ అవ్వ నోట్లోకి వచ్చాడు, ఓడవాళ్ల నోళ్లలోకి వచ్చాడు, చివరికి దారి తప్పి నీ బిడ్డ దాకా వచ్చాడు. మూడు వసంతాలు నోరు మూసుకుని కూర్చున్నది నేనొక్కదాన్నే.

నీ పురుడు వేళకు నేను ఫోహాంగ్‌లో ఉంటాను. వచ్చే ఓడకు బయలుదేరుతున్నాను. బిడ్డ పుట్టాక మళ్లీ ఇక్కడికి వచ్చేస్తాను, నన్ను ఆపొద్దు. ఆయన పడిన వాలు తెలిసింది గనక నీటిగొంతు ఆకు ఇక మూడు వసంతాలు ముట్టకూడదని ఊళ్లో నాకు ఇప్పటినుంచే బుద్ధులు చెబుతున్నారు. నేను మాత్రం ఏటా వెళ్లి కోసుకుని తింటాను. ఇప్పుడు అందులో ఎవరూ లేరు. అది తెలిసే తింటాను.

అక్క బున్నామ్